పక్షుల బొమ్మలకు గ్రాఫైట్ పెన్సిళ్లు: అయిదేళ్ల వాడకం తర్వాత

పక్షుల బొమ్మలు మొదలుపెట్టేవాళ్లు ముందు 6బి, 8బి లాంటి మెత్తని పెన్సిళ్లు కొంటారు. నలుపు బాగా పలికితే ఈకకు జీవం వస్తుందని నమ్మకం. (పెన్సిల్ మీద బి అంటే మెత్తనిది, హెచ్ అంటే గట్టిది, అంకె పెరిగేకొద్దీ ఆ గుణం పెరుగుతుంది; హెచ్‌బి మధ్యస్థం.) స్టెడ్లర్ మార్స్ లూమోగ్రాఫ్ సెట్‌తో అయిదేళ్లుగా పక్షులే గీశాక తేలింది వేరు. అన్నిటికంటే ముందు అరిగిపోయినవి 2హెచ్, హెచ్‌బి. వాటి తర్వాత 2బి, 4బి. 8బి దాదాపు కొన్నప్పటి పొడవులోనే ఉంది. మొదటి నాలుగూ విడిగా దొరికితే పెద్ద సెట్ కొనక్కర్లేదు.

లెడ్‌లో గ్రాఫైట్‌తో పాటు బంకమట్టి ఉంటుంది. మట్టి పాలు పెరిగేకొద్దీ లెడ్ గట్టిపడి, మొన ఎక్కువసేపు నిలుస్తుంది. పక్షికి కావలసింది ఆ మొనే. పిచ్చుక చెంప మీద 4బితో పది గీతలు గీసేలోపే మొన మొద్దుబారి, ఈకలు బొచ్చులా కనిపిస్తాయి. 2హెచ్ అలా మోసం చేయదు. కానీ దాన్ని నొక్కితే కాగితం మీద గాడి పడుతుంది. పైన ఎంత 4బి పూసినా ఆ గాడి తెల్లగానే మిగులుతుంది, రబ్బరుకీ లొంగదు. కాబట్టి పెన్సిల్‌ను వెనక్కి పట్టుకుని, దాని బరువుతోనే గీయాలి. ఈ గాడినే కావాలని వాడుకోవచ్చు కూడా: సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో ముందే సన్నగా నొక్కి గీసి, పైన 2బిని పక్కవాటంగా పూస్తే గుడ్లగూబ ముక్కు చుట్టూ ఉండే తెల్లని నూగు వెంట్రుకలు తేలతాయి.

మెండర్‌తో చెక్కితే వచ్చే పొట్టి మొన ఈ పనికి చాలదు. బ్లేడుతో చెక్క తీసేసి లెడ్‌ను సుమారు సెంటీమీటరు బయటపెట్టి, సన్నని గరుకు కాగితం మీద తిప్పుతూ నూరాలి. చెక్కిన ప్రతిసారీ ముక్క రాలిపోతుంటే తప్పు బ్లేడుది కాకపోవచ్చు. కింద పడిన పెన్సిల్‌లో లెడ్ లోపల్లోపలే విరుగుతుంది, మెత్తని గ్రేడ్లలో మరీ ఎక్కువ.

గ్రాఫైట్‌కు ఉన్న అసలు లోపం మెరుపు. కాకినీ, తోక చీలిన నల్ల పిట్ట ఏట్రింతనీ 6బితో నొక్కి నింపితే నలుపు రాదు, వెండి పూసినట్టు తళతళలాడుతుంది. ఏ కంపెనీ గ్రాఫైట్ అయినా ఇంతే. నొక్కినకొద్దీ గ్రాఫైట్ రేకులు చదునై వెలుతురును తిప్పికొడతాయి. 2బి, ఆపైన 4బి పలుచని పొరలుగా వేస్తే కొంత నయం. ఇంకా ముదురు కావాలంటే కార్బన్ కలిసిన లూమోగ్రాఫ్ బ్లాక్ లాంటి పెన్సిల్ వాడాలి. దీన్ని ముందు వేయాలి. గ్రాఫైట్ పూసిన చోట కార్బన్ సరిగా పట్టదు, జారిపోతుంది. అయినా ఏట్రింత ఒళ్లంతా ఒకే నలుపు కాదు. వీపు మీద ఆకాశపు వెలుగు పడే చోటును హెచ్‌బి దగ్గరే ఆపాలి. అది వదలకపోతే పక్షి కాగితానికి పడిన రంధ్రంలా కనిపిస్తుంది.

గీసే వరుసలో కన్ను మొదట. మెరుపు చుక్కను కాగితపు తెలుపుగానే వదిలి, చుట్టూ 4బి వేయాలి. కన్ను కుదరకపోతే మిగతా శ్రమ వృథా, అందుకే ముందే తేల్చుకోవడం మంచిది. తర్వాత ఈకలు కాదు, వెలుగునీడల ముద్దలు. మన ఎండలో నడినెత్తిన వెలుగు పడి వీపు తేలిపోతుంది, కడుపు నీడలో ఉన్నా నేల నుంచో నీటి నుంచో తిరిగి వచ్చే కాంతి దాన్ని కాస్త లేపుతుంది. ఇది హెచ్‌బితో కుదిరాకే ఈకల జోలికి వెళ్లాలి. తల నుంచి ఒక్కో ఈకా గీసుకుంటూ వస్తే పక్షికి చేప పొలుసులు వస్తాయి. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. తల మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల పొట్టి గీతలు చాలు, దిశ మాత్రం ముక్కు నుంచి మెడ వైపు తప్పకూడదు. అంచులు విడివిడిగా చూపించాల్సింది రెక్కలోని పెద్ద ఈకలకే. మడిచిన రెక్కలో చివరి పొడవాటి ఈకలు మిగతావాటి కింద దాగి, కొనలు మాత్రమే బయటికి వస్తాయి. అన్నిటినీ పూర్తిగా గీస్తే రెక్క విసనకర్ర అవుతుంది.

రంగుల పక్షులతో ఇంకో చిక్కు. లకుముకి పిట్టలో గోధుమరంగు తలనూ నీలం రెక్కనూ ఒకే బూడిదరంగులో గీసేస్తాం, రంగు తేడా కంటిని మోసం చేస్తుంది కనుక. ఫొటోను ఫోన్‌లో నలుపు తెలుపుగా మార్చి, ఏది ముదురో ముందే రాసుకోవాలి. కాళ్లు కూడా చూసి గీయాలి: రామచిలుకకూ జెముడుకాకికీ రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కి. లకుముకికి మూడు ముందుకే ఉన్నా, రెండు మొదట్లో అతుక్కుని ఉంటాయి.

తెల్లకొంగను గీసేది పెన్సిల్ కాదు, వెనకనున్న రెల్లు నీడ. వెనక 2బి వేసి, కొంగ మీద నీడకు 2హెచ్ మాత్రమే వాడితే తెలుపు నిలుస్తుంది. నేలపట్టు పక్షి కేంద్రంలోని గూడబాతులకూ (పెలికాన్లకూ) ఇదే పద్ధతి.

కాగితం నున్నగా ఉండాలి. 250 నుంచి 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాములు) బరువుండే బ్రిస్టల్ అనే నున్నని మందపాటి కాగితం మీద సన్న గీత తెగకుండా వస్తుంది, కాకపోతే నాలుగైదు పొరలకు మించి పట్టదు. గరుకు వాటర్‌కలర్ కాగితం మీద నలుపులో తెల్ల చుక్కలు మిగిలిపోతాయి. కోస్తా జిల్లాల్లో వానాకాలం కాగితం తేమ పీల్చి మెత్తబడితే 2హెచ్ దాన్ని కోసేస్తుంది. ఆ రోజుల్లో హెచ్‌బితో సరిపెట్టుకోవడమే మేలు.

వేలితోనో టిష్యూతోనో రుద్దితే ఈక పోయి పొగ మిగులుతుంది. చేతి కింద ఎప్పుడూ శుభ్రమైన కాగితం ఉండాలి. వెలుగు తీయడానికి పిండిలా సాగే నీడెడ్ రబ్బరును మొనలా నలిపి అద్దాలి, రుద్దకూడదు. పెన్నులా పట్టుకునే రబ్బరు టాంబో మోనో జీరోలో 2.3 మిల్లీమీటర్ల గుండ్రని రకం ఈక అంచులకు చాలా అనువు. దాని కొనను అప్పుడప్పుడు బ్లేడుతో ఏటవాలుగా కోసుకుంటే ఇంకా సన్నటి గీత తీస్తుంది.

బొమ్మ చెరిగిపోకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే దాదాపు 30 సెంటీమీటర్ల దూరం నుంచి, గాలి ఆడే చోట, పలుచగా రెండుసార్లు. దగ్గరగా కొడితే మచ్చలు పడతాయి, ముసురు రోజున కొడితే తెల్లని పొర కమ్ముతుంది. అది ఆరాక బటర్ పేపర్ కప్పి దాచాలి. ఒకదాని మీద ఒకటి పేర్చిన బొమ్మల మధ్య కూడా బటర్ పేపర్ తప్పదు, లేకపోతే పై బొమ్మ వెనక్కి కింది బొమ్మలోని 4బి అచ్చు దిగుతుంది.