రక్తం పలుచబరిచే మందు వాడేవారికి పన్ను తీసే తీరు: నారాయణగూడలోని ఒక దంత వైద్యశాల

గుండెలో కృత్రిమ కవాటం అమర్చిన నాటి నుండి రక్తం పలుచబరిచే వార్ఫరిన్ వాడుతున్న మా నాన్నగారికి దవడ పన్ను ఇక్కడే తీయించాము. మందు ఆపేసి రమ్మని చెప్పకపోవడమే నాకు మొదట నచ్చింది. ఆపితే కవాటంపై రక్తం గడ్డకట్టే ముప్పు చిగురు నుండి కారే రక్తం కంటే చాలా పెద్దదని డాక్టరుగారు ఓపికగా వివరించి, ముందురోజు చేయించిన ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని తెలిపే) పరీక్షలో విలువ 4 కంటే తక్కువగా ఉందని చూసుకొని, గుండె డాక్టరుతో ఫోనులో మాట్లాడిన తరువాతే పని మొదలుపెట్టారు.

అసలు నేర్పు పన్ను ఊడి వచ్చిన తరువాత కనిపించింది. గుంటలో దానంతటదే కరిగిపోయే జెలటిన్ స్పాంజి ఉంచి, చిగురు అంచులను దగ్గరకు తెచ్చి కుట్లు వేసి, ట్రానెగ్జామిక్ ఆమ్లంలో తడిపిన గాజుగుడ్డను అరగంటసేపు గట్టిగా కొరికి పట్టుకోమన్నారు. ఆ మందు కొత్తగా గడ్డ కట్టించదు. కట్టిన గడ్డ త్వరగా కరిగిపోకుండా కాపాడుతుంది. రక్తం నిలిచిందని స్వయంగా చూసేవరకు మమ్మల్ని కదలనివ్వలేదు. నొప్పికి, రక్తస్రావాన్ని పెంచగల ఐబుప్రోఫెన్ బదులు పారాసెటమాల్ రాశారు. వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ జోలికి వెళ్లలేదు.

లోపాలు లేకపోలేదు. 24 గంటల పాటు పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు వంటి జాగ్రత్తల కాగితం ఇంగ్లీషులో మాత్రమే ఉంది; లిఫ్టు లేని రెండో అంతస్తు పెద్దవారికి కష్టమే. ఇటువంటి మందులు వాడేవారు ఉదయం వేళకే అపాయింట్‌మెంట్ తీసుకోవడం మంచిది, మళ్లీ రక్తం కారితే డాక్టరు పగలే అందుబాటులో ఉంటారు.