పాత హెచ్‌ఎంటీ వాచీలు కొనేవాళ్ళూ జాగ్రత్త: "సర్వీసు నేనే చేసిస్తా, పంపించు" అంటే పంపొద్దు

ముందే చెప్తున్నా, ఇది కోపంలో రాస్తున్నది. నిన్న సాయంత్రం నుంచి అన్నం సరిగ్గా దిగలేదు, తప్పులుంటే సర్దుకొని చదువుకోండి. నన్ను మోసం చేసిన ఆ వాచీలమ్మే ఆయన ఎవరో పాత వాచీలు కొనే అందరికీ తెలుసు. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఎర్ర వెల్వెట్ గుడ్డ మీద వాచీలు పరిచి ఫోటోలు పెడతాడు, ప్రతిదాని కిందా "అన్‌టచ్డ్, ఫ్యామిలీ పీస్" అని రాస్తాడు, అంటే ఎవరూ విప్పి మార్చనిది, ఒకే ఇంట్లో ఉన్నది అని. పేరు రాయను, రాస్తే ఈ పోస్టు ఉండనివ్వరు. ఎర్ర గుడ్డ అంటే చాలు, మీకు తెలిసిపోతుంది.

మాది అనంతపురం. నా దగ్గర ఉన్నవి ఆరు వాచీలు. ఆరేనా అని నవ్వొద్దు, లక్షలు పెట్టి కొనేవాళ్ళతో నాకు పోటీ లేదు. నా లెక్క ఒక్కటే, పెట్టెలోకి వచ్చే ప్రతి వాచీ వెనక నాకు తెలిసిన చెయ్యి ఒకటి ఉండాలి. అమ్మ టైటాన్ ఉంది. మామకు పెళ్ళిలో పెట్టిన హెచ్‌ఎంటీ కాంచన్ ఉంది, బంగారు రంగు ఆటోమేటిక్, ఒకప్పుడు పెళ్ళికొడుకు వాచీ అంటే అదే కదా. రాయచోటి బావ కువైట్ నుంచి తెచ్చిన సీకో 5 ఉంది. నేను ఇంటర్‌లో పెట్టుకున్న క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ ఉంది, 1989 నుంచి అదే డిజైను, ఇప్పటికీ షాపుల్లో దొరుకుతుంది, ఐనా నాది నాదే. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళు సీకోతో కలిసి వాచీలు కూడా చేశారు, అది ఒకటి ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికింది. నాయన పాత ఆల్విన్ బస్సుల గురించి చెప్పేవాడు కాబట్టి దాన్నీ చుట్టాల్లో కలిపేసుకున్నాను. అన్నిటికీ పెద్ద దిక్కు నాయన హెచ్‌ఎంటీ జనతా.

ఉంది అని రాయాలో ఉండేది అని రాయాలో తెలియడం లేదు.

ఏడోదిగా హెచ్‌ఎంటీ పైలట్ కావాలని రెండేళ్ళు చూశాను. నల్ల డయల్, తెల్ల అంకెలు. నాయన ఆర్టీసీలో కండక్టరు, ఆయనతో డ్యూటీ చేసిన డ్రైవరు మామ చేతికి అది ఉండేది. చిన్నప్పుడు ధర్మవరం బస్సులో ముందు సీట్లో కూర్చోబెడితే స్టీరింగు మీద తిరిగే ఆ చెయ్యినే చూసేవాణ్ణి. ఎర్ర గుడ్డ మీద పైలట్ కనిపించింది, 5,500 అన్నాడు, 4,800కి తెగింది, డబ్బులు కొట్టేశాను. కొనే ముందు ఏం చూశావు అని అడగకండి, గుడ్డ చూశాను.

డబ్బులు పడ్డాక మెసేజ్ పెట్టాడు. "తమ్ముడూ, మీ నాయనగారి జనతా ఉంది కదా, అది కూడా నాకు పంపు, ఆయిలింగు చేసి రెండూ ఒకే పార్సెల్‌లో పంపిస్తా, నీ దగ్గర డబ్బులు తీసుకుంటానా." ఆ వాచీ నేను అంతకు ఆరునెలల ముందు నాయన వర్ధంతి రోజు చేతికి పెట్టుకొని ఫోటో పెట్టాను, దానికి ఈయన దండాల బొమ్మలు మూడు పెట్టాడు. కన్ను అప్పుడే పడిందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఎంత మంచోడప్పా అనుకున్నాను.

నాయన ఉన్నప్పుడు ఆ వాచీని టవర్ క్లాక్ పక్క సందులో ఉండే ముసలాయన తప్ప ఇంకెవ్వరూ విప్పింది లేదు. ఆయన కంటి ఆపరేషన్ చేయించుకొని నెలన్నర షాపు తీయలేదు. నెలన్నర! ముప్పై ఏళ్ళకు పైగా నడిచిన వాచీ, నాకు నెలన్నర ఆగడానికి చేతకాలేదు. కొరియర్ చేశాను. పైగా బబుల్ షీటు మూడు చుట్లు చుట్టి, దొంగకు జాగ్రత్తగా అందాలని.

మొన్న శుక్రవారం పార్సెల్ వచ్చింది. జనతా తీస్తే తళతళా మెరుస్తోంది. నాయన వాచీ డయల్ ఎప్పుడో మీగడ రంగుకు తిరిగింది, ఏడు అంకె దగ్గర చింతగింజంత గోధుమ రంగు మరక ఉండేది. చిత్రావతికి నీళ్ళొచ్చిన ఏడాది బస్సు దిగి మోకాటి లోతులో నడుస్తూ ప్యాసింజర్లను దాటించాడట, అప్పుడు లోపలికి నీళ్ళు పోయాయి. మా జిల్లాలో నీళ్ళలో తడిసిన వాచీ అంటే అదే ఒక వింత, నాయన ఆ మరకను వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. ఇప్పుడు డయల్ పాలలాగా ఉంది. మరక లేదు. సరే, క్లీన్ చేశాడేమో అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను చూడండి, బుద్ధి ఎట్లా పని చేస్తుందో. మరక క్లీన్ చేస్తే పోయేదైతే నాయన ఎప్పుడో పోగొట్టేవాడు.

తర్వాత కీ ఇచ్చాను. అక్కడ గుండె జారింది. పాత కీ పళ్ళు అరిగిపోయి నున్నగా ఉండేది, ముప్పై ఏళ్ళు రోజూ పొద్దున్నే రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలయ్యే ముందు అదే బొటనవేలు తిప్పి తిప్పి. నాకు కీ ఇవ్వాలంటే వేలు జారేది, చొక్కా అంచుతో పట్టుకొని తిప్పేవాణ్ణి. ఇది వేలికి గుచ్చుకుంది.

ఒక రోజంతా ఆడించి చూస్తే పది నిమిషాలు ముందుకు పోయింది. నిన్న పొద్దున ముసలాయన షాపు తీశాడని తెలిసి రెండూ పట్టుకొని పోయాను.

గాజు పెట్టె వెనక అదే స్టూలు, కంటికి నల్లద్దాలు. మొదట పైలట్ ఇచ్చాను. కంటికి భూతద్దం బిగించి నిమిషం కూడా చూడలేదు. "రంగేసిన డయలప్పా ఇది. అక్షరాలు చూడు, తడిసిన ఇంకు మాదిరి లావైపోయినాయి. నిమిషాల ముల్లు గీతల దాకా పోతా ఉందా? పోదు. ఇంగో వాచీది తెచ్చి పెట్టినారు." పాత డయల్ మీదున్న రంగు గీకేసి మళ్ళీ పెయింటు కొట్టి కొత్తగా ప్రింటు వేస్తారు, ముంబై స్పెషల్ అంటాం కదా, అదే. జనతాలో, పైలట్‌లో ఉండేది దాదాపు ఒకటే కీ మిషన్, రెండిట్లో పదిహేడు జ్యువెల్సే (అరగకుండా లోపల పెట్టే చిన్న రాళ్ళు), కాబట్టి ఏ పాత జనతాకైనా నల్ల డయల్ తగిలిస్తే పైలట్ పుట్టేస్తుంది. ఇవన్నీ నాకు తెలియనివి కావు. సీకో వెనక నంబరులో మొదటి అంకె చూసి ఏడాది, రెండో అంకె చూసి నెల, జాతకం చెప్పినట్టు చెప్పి నలుగురిలో గొప్పలు పోయేవాణ్ణి నేనే. నా చేతిలో వాచీ ముల్లు పొట్టిగా ఉందని మాత్రం కనిపించలేదు. పోనీ, 4,800 పోయాయి, దానికి ఏడవడం లేదు.

జనతా తీసుకున్నాడు. వెనక మూత చాకుతో లేపాడు. లోపల మిషన్ చూసే ముందు మూతను తిప్పి వెలుతురుకు పట్టుకున్నాడు. మళ్ళీ తిప్పాడు. భూతద్దం తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ నాయనదేనా ఇది?"

అవునన్నాను.

"నా గీతలు యాడప్పా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. వాచీ విప్పిన ప్రతిసారీ మూత లోపలివైపు సూదితో ఆయన ఒక గుర్తు గీసుకుంటాడట, చిన్న నెలవంక, పక్కన ఆ ఏడాది. వాచీ బాగుచేసేవాళ్ళలో చాలామందికి ఉన్న అలవాటే. నాయన వాచీలో నాలుగు ఉండాలన్నాడు, నూనె మరకలు పట్టిన ఒక పాత నోటుబుక్కు తీసి వెతికి చూపించాడు కూడా: 87, 94, 2001, 2009. ఈ మూత లోపల అద్దంలాగా ఉంది. మిషన్ చూసి, "ఇది కూడా కాదు, నాలుగు వాచీల సామాన్లు ఇందులో ఉన్నాయి" అన్నాడు. డయల్ ఎటూ కాదు. అంటే నేను పంపింది ఒక వాచీ, తిరిగొచ్చింది ఇంకోటి, నాయనది అని చెప్పుకోవడానికి అందులో స్ప్రింగు కూడా మిగల్లేదు.

అక్కడి నుంచే ఫోన్ చేశాను, స్పీకర్‌లో పెట్టాను. ఇది మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మొదట "ఏం గీతలు బ్రదర్, పాలిష్‌లో పోయుంటాయి" అన్నాడు. మొన్నటిదాకా తమ్ముణ్ణి, ఫోన్ ఎత్తగానే బ్రదర్‌ని అయిపోయాను. ముసలాయన పక్కనుంచి, "మూతకు లోపలిపక్క పాలిష్ ఎవురు చేస్తారప్పా, ఏంటికి చేస్తారు?" అన్నాడు. ఆయన గొంతు పెంచలేదు, నిజంగానే అడుగుతున్నట్టు అడిగాడు. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఎవడాడు? రోడ్డు పక్క రిపేరోళ్ళ మాటలు నమ్మేవాడివి కలెక్షన్లు ఎందుకు నీకు? పాత దరిద్రం తీసేసి కొత్తదానిలా చేసిస్తే థాంక్స్ చెప్పడం పోయి..." అని మొదలుపెట్టాడు. నేను డయల్ అడిగాను. పాత డయల్ ఒక్కటైనా తిరిగి పంపించు, మిగతా ఏదీ అడగను అన్నాను. అడిగాను అని రాస్తున్నా కానీ, బతిమాలాను. దానికి ఆయన మాట: "మీ నాయన వాచీ మార్కెట్‌లో ఎనిమిది వందలు చెయ్యదు. ఎనిమిది వందలు పంపిస్తా, నోరు మూసుకో."

ఫోన్ పెట్టేసిన నిమిషంలో 800 జమ అయినట్టు మెసేజ్ వచ్చింది. దాని వెనకే "సెటిల్డ్" అని ఒక ముక్క, బొటనవేలు బొమ్మ. తర్వాత బ్లాక్.

ఆ 800 చూసి వచ్చినంత మంట 4,800 పోయినందుకు రాలేదు. తిట్టినా పడేవాణ్ణి. మా నాయనకు ధర కట్టి, కట్టిన ధర నా ఖాతాలో వేశాడు. ఎనిమిది వందలు చెయ్యనిదైతే ఎందుకు కాజేశావురా మరి? ఎందుకో మీకూ తెలుసు. బెంగుళూరులో 1961లో జపాను సిటిజన్ వాళ్ళ సహకారంతో మొదలైన ఫ్యాక్టరీ అది, ఆ హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు 2016 జనవరిలో కేంద్రం ఒప్పుకుంది. ఆ పాత కాలం వాచీలు ఇక రావు, ఉన్నవాటిలో రంగు పడనివి ఎన్ని మిగిలాయి? మరక పడిన అసలు డయల్, ఎవరెవరో విప్పి మార్చని మిషన్ దొరికితే దానికి ఎర్ర గుడ్డ మీద ఏ రేటు పలుకుతుందో రోజూ చూస్తూనే ఉన్నాం. ఆయనకు అన్ని "ఫ్యామిలీ పీసులు" ఎక్కడ దొరుకుతాయా అని నేను చాలాసార్లు ఆశ్చర్యపోయాను. ఇదిగో, ఇలా దొరుకుతాయి. ఫ్యామిలీ మాది, పీసు ఆయనది.

షాపులోంచి బయటికొచ్చి టవర్ క్లాక్ కింద బండి మీద చాలాసేపు కూర్చున్నాను. ఇంటికి పోయి అమ్మకు ఏం చెప్పాలి? చెప్పలేదు. రాత్రి "వాచీ బాగయిందా" అని అడిగింది, బాగా మెరుస్తోంది అన్నాను. అబద్ధం కాదు కదా.

స్నేహితులు సైబర్ మోసాల నంబరు 1930కి కంప్లెయింట్ ఇవ్వమంటున్నారు. పైలట్ విషయం ఇస్తాను. జనతా విషయంలో నా దగ్గర ఏముంది? పంపే ముందు మూత విప్పి లోపల ఒక్క ఫోటో తీయలేదు. ముప్పై వేల ఫోను, రోజూ టీ కప్పు కూడా ఫోటో తీస్తాను. చేతికి పెట్టుకున్న ఫోటోలో మాత్రం మరక కొంచెం కనిపిస్తోంది, అది కూడా చొక్కా చెయ్యి సగం కప్పేసింది.

సలహా అంటే ఏం చెప్పను, మోసపోయినవాడి సలహా. కొనే ముందు మూత తీసిన ఫోటో, డయల్ మీద అక్షరాలు దగ్గరగా తీసిన ఫోటో అడగండి, "నమ్మకం లేదా తమ్ముడూ" అంటే లేదు అనండి. ఇంట్లో పెద్దల వాచీ ఐతే మీ ఎదురుగా విప్పే మనిషికే ఇవ్వండి, ఆయన కంటి ఆపరేషన్‌కు పోయుంటే వాచీని బీరువాలో పెట్టి కూర్చోండి. పాత సామాన్లు వెనక్కి ఇస్తారా అని ముందే రాయించుకోండి. ఇంతే.

ఇంకొక్క మాట, అసలు దీనికోసమే రాసింది. జనతా, హిందీ అక్షరాల డయల్, మీగడ రంగు, ఏడు దగ్గర చింతగింజంత మరక, కీ పళ్ళు నున్నగా అరిగి ఉంటాయి. మూత లోపల నాలుగు నెలవంకలు, 87, 94, 2001, 2009. ఎర్ర గుడ్డ మీద గానీ ఇంకెక్కడ గానీ కనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి. మీరే కొనేసి ఉన్నా పర్వాలేదు, మిమ్మల్ని ఏమీ అనను, మీరు పెట్టిన రేటు ఇస్తాను. మూత ఒక్కటే దొరికినా చాలు. ఆ 800 ముట్టుకోకుండా అలాగే ఉంచాను, అందులో కలుపుతాను.