మొక్కజొన్న చేను, ఏనుగులు, మా మావయ్యగారు

ఆఫ్రికా జంతువులను కాపాడే ఈ వీడియో గేమ్ మావాడి కోసం కొని ఏడాదిన్నర అయింది. బొమ్మలు, సింహాలు, జీపులో తిరగడం గురించి అందరూ చెబుతూనే ఉన్నారు. నేను చెప్పాలనుకున్నది ఒక్క ఘట్టం గురించి: కెన్యాలో సావో అడవి పక్కనున్న మొక్కజొన్న చేను.

ఇలాంటి ఆటల్లో రైతు కనపడితే అడవి నరికేవాడిగానే కనపడతాడు. ఇక్కడ అలా కాదు. ఏనుగులు రాత్రికి రాత్రి చేను తొక్కేస్తాయి. పొద్దున్నే ఆ ఇంటావిడ విరిగిన కంకులు ఒళ్లో ఏరుకుంటూ ఉంటుంది. చేను దక్కాలి, ఏనుగుకి దెబ్బ తగలకూడదు. అదీ మన పని.

మావాడు ముళ్లకంప వేశాడు, తొక్కుకుంటూ వచ్చేశాయి. డప్పులు కొట్టించాడు. రెండు రాత్రులు బెదిరి మూడో రాత్రి మళ్లీ వచ్చాయి. వాడు విసుగొచ్చి ఆపేయబోతుంటే, వెనక పడక్కుర్చీలో పేపరు చదువుతున్న మా మావయ్యగారు లేచి వచ్చారు. మాకు లంకలో అరటితోట ఉంది. అడవిపందులు దుంపలు పెళ్లగిస్తుంటే ఆయన ఎన్ని రాత్రులు పాకలో కాపలా పడుకున్నారో లెక్కలేదు. "డప్పుకి రెండు రోజులేరా నాన్నా, తర్వాత పందికైనా అలవాటైపోద్ది" అన్నారు.

అక్కణ్ణుంచి ఇద్దరూ కలిసి ఆడారు. ఆఖరికి దొరికే ఉపాయం తేనెటీగల కంచె. ఇది కల్పన కాదు, లూసీ కింగ్ అనే శాస్త్రవేత్త కెన్యా రైతులతో కలిసి నిలబెట్టిన పద్ధతే. చేను చుట్టూ 10 మీటర్లకొక తేనెటీగల పెట్టె వేలాడదీసి, అన్నిటినీ తీగతో కలుపుతారు. ఏనుగు తీగను నెడితే పెట్టెలు ఊగి ఈగలు లేస్తాయి. అంత పెద్ద జంతువైనా కళ్ల చుట్టూ, తొండం లోపలా కుడితే తట్టుకోలేదు.

మావాడు దారి వైపు పెట్టెలు కట్టి, వాగు వైపు వదిలేశాడు. "నీళ్ల వైపు వదిలేశావేంట్రా? అవి వచ్చేది అటే కదా" అన్నారు మావయ్యగారు. ఆ రాత్రి ముందున్న ఆడ ఏనుగు తీగ దగ్గర ఆగింది. తల విదిలించి, ఒంటి మీద దుమ్ము చల్లుకుంది. లోగొంతుతో ఒక్కసారి గుర్రుమంది. అంతే, గుంపంతా పిల్లల్ని మధ్యలో పెట్టుకుని వెనక్కి తిరిగింది. మా ఇంట్లో తాతా మనవడూ కదలకుండా చూస్తూ ఉండిపోయారు.

పిల్లలు వాళ్లంతట వాళ్లే ఆడుకోవచ్చని మొదట్లో అందరికీ చెప్పాను. ఇప్పుడు అలా చెప్పలేను. రాతంతా ఇంగ్లీషులోనే ఉంది, పక్కన కూర్చుని నేను చదివి చెప్పాల్సి వచ్చింది. క్యాంపుకి తిరిగొస్తేనే సేవ్ అవుతుంది. వానాకాలంలో ఒక సాయంత్రం ఇరవై పెట్టెలు కట్టాక కరెంటు పోయి, మళ్లీ మొదటికొచ్చింది. వాడు అన్నం తినకుండా పడుకున్నాడు. ఇంకో లోపం మావయ్యగారే పట్టారు. ఆటలో ఈగలు ఎప్పటికీ పెట్టె వదలవు. "మనకంటే కొబ్బరి ఏడాది పొడుగునా పూస్తుంది. అక్కడ వాన లేకపోతే పూతేదీ? పూత లేకపోతే ఈగ ఉంటుందా?" అన్నారు. నిజమే, అక్కడ కరువొచ్చినప్పుడు పెట్టెలు ఖాళీ అవుతాయి.

మా ఇంట్లో రాత్రి కాపలా తెలిసిన పెద్దాయన ఉన్నారు, సాయంత్రాలు ఆయనకి తీరిక. అందుకే ఈ ఆట మాకు కుదిరింది. పిల్లాడు ఒంటరిగా ఆడేదైతే డప్పుల దగ్గరే వదిలేస్తాడేమో, చూసి కొనుక్కోండి. మావాళ్లు తర్వాతి ఘట్టాలన్నీ పూర్తి చేసినా, ఆదివారం మళ్లీ ఆ చేనే తెరుస్తారు. వాగు వైపు పెట్టెలు కట్టేది ఇప్పుడు మావయ్యగారే.