నోవోజైమ్ 435: కొవ్వును విడగొట్టే ఎంజైమ్‌కు తెలిసిన వేరే పనులు

నూనెల్లోని ఎస్టర్ బంధాలను తెంచడం లైపేజ్ అసలు పని. క్యాండిడా అంటార్కిటికా లైపేజ్-బిని అక్రిలిక్ రెజిన్ పూసలకు పట్టించి అమ్మే నోవోజైమ్ 435 అనే ఈ సరుకును చాలా ల్యాబులు ఎస్టర్ల కోసమే కొంటాయి. దీనికి వేరే పనులూ వచ్చు. వాటిలో ఎపాక్సీకరణకు (జంట బంధానికి ఆక్సిజన్ చేర్చడానికి) కళ్లు మూసుకుని సిఫారసు చేయవచ్చు, ఆల్డాల్‌కు (రెండు కార్బొనైల్ అణువులను కార్బన్-కార్బన్ బంధంతో కలిపే చర్యకు) చేయలేం.

ఎపాక్సీకరణలో లైపేజ్ ఆల్కీన్ (జంట బంధమున్న అణువు) జోలికే పోదు. ఆక్టనాయిక్ ఆమ్లాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పెర్‌ఆమ్లంగా (ఒక ఆక్సిజన్ ఎక్కువున్న ఆమ్లంగా) మారుస్తుంది, ఆల్కీన్‌కు ఆక్సిజన్ ఇచ్చేది అదే. ఇచ్చేశాక మళ్లీ మామూలు ఆమ్లమైపోతుంది కాబట్టి కొంచెం ఉన్నా చాలు. 10 మిల్లీమోల్ ఆల్కీన్, 1 మిల్లీమోల్ ఆమ్లం, 10 మి.లీ. టాలీన్, 200 మి.గ్రా. పూసలు, 40 డిగ్రీల వేడితో మొదలుపెట్టవచ్చు. 30 శాతం పెరాక్సైడ్ 1.3 మి.లీ.ను ఐదారు గంటల్లో కొద్దికొద్దిగా వేయాలి. ఒక్కసారే పోస్తే ఎంజైమే ఆక్సీకరణకు గురై చచ్చుబడుతుంది. పూసలను అసిటోన్‌తో మాత్రం కడగకండి, మిగిలిన పెరాక్సైడ్‌తో కలిసి పేలుడు పదార్థం తయారవచ్చు. వడకట్టిన టాలీన్‌ను సోడియం సల్ఫైట్ ద్రావణంతో కుదిపి, అయొడైడ్-స్టార్చ్ కాగితం నీలం తిరగడం లేదని తేలాకే ఆవిరి చేయాలి.

మైకేల్ సంకలనం (అమైన్‌ను అక్రిలేట్ జంట బంధానికి చేర్చడం) ఫరవాలేదు, అదీ ద్వితీయ అమైన్‌లతో. ప్రాథమిక అమైన్ ఇస్తే లైపేజ్ పాత అలవాటు కొద్దీ అక్రిలేట్ ఎస్టర్‌ను పట్టుకుని అమైడ్ చేసేస్తుంది.

ఆల్డాల్‌కు సెరీన్-105 (ఎస్టర్‌ను తెంచడంలో లైపేజ్ వాడే అమైనో ఆమ్లం) అక్కర్లేదు. హిస్టిడీన్ ప్రోటాన్‌ను లాగుతుంది, ఆక్సీయానయాన్ గుంట (ఎంజైమ్‌లో రుణావేశ ఆక్సిజన్‌ను పట్టుకునే చోటు) ఆ రుణావేశాన్ని నిలబెడుతుంది. 2003లో స్వీడన్ పరిశోధకులు ఆ సెరీన్ స్థానంలో అలనీన్ పెట్టి చూస్తే వేగం పెరిగింది కూడా. ఈ పూసల్లో ఉన్నది ఆ మార్పు లేని రూపం, చర్య చాలా నెమ్మది. అందుకే పక్కన మూడు సీసాలు తప్పనిసరి: ఏమీ వేయనిది, అంతే బరువు ఖాళీ రెజిన్‌ది, బోవైన్ సీరం ఆల్బుమిన్‌ది (ఆవు రక్తంలోని ప్రోటీన్). ఆల్బుమిన్ కూడా అంతే దిగుబడి ఇస్తే ఆ ఘనత లైపేజ్ గుంటది కాదు, ఏ ప్రోటీన్ మీదైనా ఉండే అమైన్‌లది.

సరుకులో అసలు లోపం పట్టు. ఎంజైమ్ రెజిన్‌కు అంటుకుని ఉంటుందే తప్ప రసాయన బంధం లేదు, నీరో డిటర్జెంటో తగిలితే జారిపోతుంది. చర్య సగంలో వడకట్టి ద్రవాన్ని అలాగే కొనసాగించండి. ఖాళీ సీసాలోకన్నా వేగంగా సాగుతోందంటే ఎంజైమ్ బయటికి వచ్చినట్టే. అయస్కాంతపు స్టిర్రర్ వద్దు, పూసలు పిండైపోయి వడపోత కాగితం మూసుకుపోతుంది, షేకర్ వాడండి.