అరకు ఒక్కరోజు ప్యాకేజీకి అడ్వాన్సు కట్టేముందు: విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు హెచ్చరిక

కార్తీకం వచ్చిందంటే మన రెండు జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే రకం పోస్టరు తిరుగుతుంది. తెల్లారకముందే బయల్దేరి రాత్రికల్లా ఇంటికి, అరకు, బొర్రా, కటికి, చాపరాయి, వంజంగి, లంబసింగి కలిపి పన్నెండు స్పాట్లు, పైగా అద్దాల రైలు, రిసార్టులో ఫ్రెషప్, బొంగు చికెన్ భోజనం. తలకింత అని రేటు. కట్టినవాళ్లకు దక్కుతున్నవి మూడు చోట్లు, ఘాట్ మీద ట్రాఫిక్కు, ప్రతి గేటు దగ్గరా విడిగా వసూళ్లు. ఏ ట్రావెల్స్ పేరూ ఇక్కడ ఎత్తడం లేదు. ఒకరు కాకపోతే ఇంకొకరు ఇదే అమ్ముతున్నారు కాబట్టి, కొనేవాళ్లే లెక్క తెలుసుకుని అడగాలి.

ముందు టైము లెక్క చూడండి. శ్రీకాకుళం నుంచి నాతవలస మీదుగా విజయనగరం సుమారు 70 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి గంట్యాడ మీదుగా ఎస్.కోట (శృంగవరపుకోట) 40 దాకా. ఎస్.కోట నుంచి అరకు 60 పైమాటే, అందులో బొడ్డవర దాటాక చాలా భాగం ఘాట్. శ్రీకాకుళంలో ఉదయం 5కి బయల్దేరారనుకోండి. దారిలో మనుషుల్ని ఎక్కించుకుంటూ విజయనగరం 6:30, ఎస్.కోటలో టిఫిన్ అయ్యేసరికి 8. బొర్రా చేరేసరికి 10. గుహలు తెరిచేది కూడా ఆ టైముకే. పార్కింగు, టికెట్ క్యూ, లోపలికి దిగి మళ్లీ ఎక్కడం కలిపి రెండు గంటలు పడుతుంది. గాలికొండ వ్యూ పాయింటు దగ్గర ఆగి అరకు చేరేసరికి 2. భోజనాలయ్యేసరికి 3. గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్ చూసేసరికి 4:30. డిసెంబరులో 5:30కల్లా చీకటి. ఇక చాపరాయి ఏం చూస్తారు, మిగతావి ఎక్కడ చూస్తారు? తిరుగు ప్రయాణం శ్రీకాకుళానికి నాలుగున్నర గంటలు తక్కువ పట్టదు. ఇది రద్దీ లేని రోజు లెక్క. సంక్రాంతి సెలవుల్లోనూ, కార్తీక ఆదివారాల్లోనూ బొర్రా, అనంతగిరి దగ్గరే గంటల తరబడి బండ్లు ఆగిపోతాయి.

పోస్టరులో వంజంగి గానీ, లంబసింగి గానీ కనిపిస్తే అది చేయలేని ప్యాకేజీ అని అర్థం. వంజంగి పాడేరు దగ్గర. లంబసింగి ఇంకా దూరం, చింతపల్లి మండలంలో. రెండిట్లో ఏదీ అరకు పక్కన లేదు. వంజంగిలో మబ్బుల సముద్రం సూర్యోదయం వేళే, ఎండ ఎక్కితే విడిపోతుంది. అది చూడాలంటే ముందురోజు రాత్రి పాడేరులో ఉండి చీకటితోనే కొండెక్కాలి. పొద్దున 5కి శ్రీకాకుళంలో బండెక్కేవాళ్లకు ఆ మబ్బులు ఎవరూ చూపించలేరు. పసుపుపచ్చని వలిసె పూల ఫొటో వేసి ఫిబ్రవరిలో టూరు అమ్మడం కూడా ఇలాంటిదే. ఆ పూలు చలికాలం మొదట్లో పూస్తాయి, తర్వాత కోసేస్తారు.

"అన్ని ఎంట్రీలూ కలిపి" అన్న మాట దగ్గర గట్టిగా పట్టుకోండి. బొర్రాలో మనిషి టికెట్ వేరు, కెమెరా వేరు, పార్కింగు వేరు. కటికి జలపాతానికి మన వ్యాను పోదు, బొర్రా దగ్గర జీపు మాట్లాడుకోవాలి, దిగాక కొంత నడక. జీపు రేటు బండికి ఉంటుంది. దాన్ని తలకింత అని చెప్పి మిగిలింది జేబులో వేసుకునే మధ్యవర్తులున్నారు, కాబట్టి జీపు డ్రైవరునే నేరుగా అడగండి. ఎండాకాలంలో కటికిలో నీళ్లు సన్నగిల్లుతాయి, ఆ ఖర్చు అప్పుడు దండగ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు బొర్రా మెట్లు దిగడమూ కష్టమే, తిరిగి ఎక్కడమూ కష్టమే. పైనుంచి సున్నపురాయి నీళ్లు కారుతూ మెట్లు తడిగా ఉంటాయి, నున్నటి అడుగున్న చెప్పులు జారతాయి. చాపరాయి బండల మీద పాచి ఇంకా ప్రమాదం. నీళ్లు తక్కువగా కనిపించినా పిల్లల్ని బండ అంచుకు వెళ్లనివ్వకండి.

అద్దాల రైలు సంగతి. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే ప్యాసింజరుకు తగిలించే విస్టాడోమ్ పెట్టెనే అలా అంటున్నారు. ఉదయం 7కి కాస్త ముందు విశాఖలో కదిలి, ఎన్నో సొరంగాలు దాటుకుంటూ 11 ప్రాంతంలో అరకు చేరుతుంది. ఈ బండి విజయనగరం రాదు. మనవాళ్లు కొత్తవలసలోనో ఎస్.కోటలోనో ఎక్కాలి. ప్యాకేజీల్లో జరిగే మోసం ఏమిటంటే, విస్టాడోమ్ అని చెప్పి చేతిలో జనరల్ టికెట్ పెట్టడం, లేదా "వెయిటింగ్ క్లియర్ అవలేదు" అని చివరి నిమిషంలో వ్యానెక్కించి తేడా డబ్బు తిరిగివ్వకపోవడం. అడ్వాన్సు కట్టకముందే పీఎన్ఆర్ నంబరు తీసుకుని మీరే చూసుకోండి: క్లాసు ఏది, కన్ఫర్మ్ అయిందా, ఎక్కే స్టేషను ఏది, టికెట్ మీద మీ పేరుందా. వానాకాలంలో చిమిడిపల్లి, బొర్రా మధ్య కొండరాళ్లు పట్టాల మీద పడి రైళ్లు ఆగిపోతుంటాయి. అలా రద్దయితే డబ్బు ఎవరు ఎప్పటికి తిరిగిస్తారో ముందే రాయించుకోండి.

వీటన్నిటికంటే ముఖ్యం బండి. డబ్బు పోతే పోయింది, ఘాట్‌లో మనిషి పోకూడదు. పసుపు నంబరు ప్లేటు మీద నల్ల అక్షరాలున్న బండైతేనే ఎక్కండి. తెల్ల ప్లేటు సొంత బండిని కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ పాలసీ షరతు తప్పారని పేచీ పెడుతుంది, నష్టపోయేది లోపల కూర్చున్నవాళ్లే. బండి నంబరు ముందురోజే అడిగి ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూస్తే ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు గడువు తెలుస్తాయి. నంబరు చెప్పకుండా "పొద్దున్నే చెబుతాం సార్" అంటే వాళ్లకింకా బండే దొరకలేదన్నమాట. పన్నెండు సీట్ల బండిలో మధ్య దారిలో స్టూళ్లు వేసి పదహారుమందిని కుక్కుతారు. సీట్లెన్ని, మనుషులెందరు అన్నది కూడా అడగండి.

డ్రైవరు ముందు రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరాడో అడగడానికి మొహమాటపడొద్దు. సీజనులో రాత్రి 11కి తిరిగొచ్చిన డ్రైవరునే మళ్లీ 4కి లేపి పంపుతున్నారు. తిరుగు ప్రయాణంలో చీకటి, పొగమంచు, పైగా దిగుడు. బరువున్న బండిని బ్రేకు తొక్కుతూనే దించితే లైనింగులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఎక్కిన గేరులోనే దిగాలి, బండిని ఇంజనే పట్టి ఉంచాలి. కాలిన వాసన ముక్కుకు తగిలితే పక్కకు ఆపించి చల్లారేదాకా కదలనివ్వకండి. చక్రాల మీద నీళ్లు పోయనివ్వకండి, ఎర్రగా కాలిన బ్రేకు డ్రమ్ము పగలొచ్చు.

"రిసార్టులో ఫ్రెషప్" అంటే చాలాసార్లు బండి మొత్తానికి ఒక గది, ఒక బాత్‌రూమ్. ఎంతమందికి ఎన్ని గదులో అడిగితే చాలు.

బొంగు చికెన్ పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి కూరి, మూతికి ఆకులు కుక్కి, నూనె లేకుండా నిప్పుల మీద కాలుస్తారు. అరగంటకు పైనే పడుతుంది. అడిగిన అయిదు నిమిషాల్లో పెట్టారంటే పొద్దున వండింది వేడిచేసి ఇచ్చారని అర్థం. బొంగు లెక్కన అమ్మితే మాంసం ఎంతో తేలదు, కూరకముందే తూకం చూడండి.

కాఫీ పొడి బాగా జాగ్రత్తగా కొనాలి. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చాక ఆ పేరుతో అమ్మే ప్యాకెట్లు ఎక్కువయ్యాయి. వ్యాను ఆపిన చోటే కొనాలని రూలేమీ లేదు. డ్రైవరు మీకు చెప్పకుండా ఆపిన కొట్లో అతనికి కమీషను ఉండే అవకాశం ఎక్కువ. ప్యాకెట్టు మీద చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) శాతం రాయాలి, కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. విడి పొడి అయితే గాజు గ్లాసులో చన్నీళ్లు పోసి పైన చిటికెడు చల్లండి. కాఫీ పైన తేలుతుంది. చికోరీ వెంటనే మునిగి, కిందికి గోధుమరంగు తీగలు వదులుతుంది. నీళ్లు కదపకుండా చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది.

ఇవన్నీ తెలిశాక కూడా ఒక్కరోజే కుదురుతుందంటే బొర్రా, గాలికొండ, అరకు ఊరు, అంతే రాయించుకోండి. చాపరాయి కావాలంటే మ్యూజియం, గార్డెన్స్ వదిలేయాలి.

అడ్వాన్సు తక్కువ కట్టండి, మిగతాది బండెక్కాక. యూపీఐలో పంపేటప్పుడు తెరమీద వచ్చే పేరు, ట్రావెల్స్ పేరు వేరైతే ఆగి అడగండి. డబ్బు తీసుకుని ఫోను ఎత్తకపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైను 1930కి చెప్పాలి, ఆలస్యమైతే ఖాతాలోంచి డబ్బు జారిపోతుంది. తీసుకెళ్లి చెప్పినవి చూపించకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. దానికి కావలసినవి పోస్టరు స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు, బండి నంబరు ఫొటో, ఏ చోట ఎన్నింటికి దిగారో తెలిసే ఫొటోలు. పోస్టరు స్క్రీన్‌షాట్ బుక్ చేసిన రోజే తీసి పెట్టుకోండి, గొడవ మొదలయ్యాక గ్రూపులోంచి తీసేస్తారు.