ఫ్రాన్స్‌లో ఎర్ర నంబర్ ప్లేట్ కారు: మూడు ట్రిప్పులు తిరిగాక నా అనుభవం

మాది గుంటూరు, బ్రాడీపేట. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. పెద్దమ్మాయి, అల్లుడు ఫ్రాన్స్‌లో లియోన్‌లో ఉంటారు. సీజన్ అయిపోయాక నేనూ మా ఆవిడా వెళ్ళి నెలన్నర, రెండు నెలలు పిల్లల దగ్గర ఉండొస్తాం. 2018లో, 2022లో, 2024లో, మూడుసార్లూ అక్కడ నా పేరు మీదే కొత్త కారు టెంపరరీ రిజిస్ట్రేషన్ చేయించుకుని తిరిగాం. మొత్తం కలిపి 160 రోజులు, 15 వేల కిలోమీటర్లు దాటింది. యార్డులో, పెళ్ళిళ్ళలో, ఎవరు కలిసినా "అక్కడ కారు ఎలా తీసుకున్నావ్" అనే అడుగుతున్నారు, అందుకే తెలిసిందంతా ఒకేచోట రాస్తున్నా.

ముందు అసలు సంగతి. ఇది అద్దె కారు కాదు. ఫ్రాన్స్‌లో ట్రాన్సిట్ టెంపోరేర్ అని ఒక పద్ధతి ఉంది, మామూలుగా టీటీ అంటారు. యూరోపియన్ యూనియన్ బయట ఉండేవాళ్ళు అక్కడికి కొన్నాళ్ళకి వస్తే పన్ను లేకుండా కొత్త కారు తీసుకుని తాత్కాలిక నంబర్‌తో తిరగొచ్చు. కాగితాల లెక్కలో మనం కారు కొన్నట్టు, వెళ్ళేటప్పుడు కంపెనీకే తిరిగి అమ్మినట్టు. రెనో, ప్యూజో, సిట్రోయెన్ వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఇలా ఇస్తున్నారు. తక్కువలో తక్కువ మూడు వారాలు తీసుకోవాలి, ఎక్కువలో ఎక్కువ ఆరు నెలల లోపు. మనకి షెంగెన్ టూరిస్ట్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకే వీసా) మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు కాబట్టి మన లెక్క అక్కడే ఆగిపోతుంది.

నంబర్ ప్లేట్ ఎర్రగా ఉంటుంది, అక్షరాలు వెండి రంగు, పక్కన గడువు నెల, సంవత్సరం వేసి ఉంటాయి. మన దగ్గర ఎర్ర ప్లేట్ అంటే షోరూమ్ వాళ్ళ బండి, టీఆర్ అంటే పసుపు మీద ఎర్ర అంకెలు, గడువు లోపల పర్మనెంట్ నంబర్ తెచ్చుకోవాలి. అక్కడ ఆ తాత్కాలిక నంబరే మనం ఉన్నన్నాళ్ళూ పూర్తి నంబర్, ఏ ఆఫీసుకీ వెళ్ళే పని లేదు. మూడు నాలుగు వారాల ముందే పాస్‌పోర్ట్, లైసెన్స్ స్కాన్లు పంపి డబ్బు కడితే కాగితాలన్నీ వాళ్ళే చేసి కారుతో పాటు చేతికిస్తారు. నాకు ఈ విషయంలో మూడుసార్లూ ఒక్క చిక్కు రాలేదు, మనస్ఫూర్తిగా చెప్తున్నా.

ఖర్చు. 2018లో 45 రోజులకి చిన్న డీజిల్ కారు ఇంచుమించు 1,400 యూరోలు పడింది. అదే సైజు అద్దె కారుకి ఇన్సూరెన్స్ కలిపి అల్లుడు చూసిన రేటు దీనికి రెట్టింపు పైన, అది కాక డిపాజిట్ కింద క్రెడిట్ కార్డు మీద పెద్ద మొత్తం బ్లాక్ చేస్తామన్నారు. టీటీలో డిపాజిట్ అడగలేదు, ఇన్సూరెన్స్ అందులోనే, దెబ్బ తగిలితే మన వాటా సున్నా, కిలోమీటర్లకి లెక్క లేదు. పది రోజులకి వెళ్ళేవాళ్ళు మాత్రం దీని జోలికి పోవద్దు, ఎటూ మూడు వారాల డబ్బు కట్టాల్సిందే.

ఇచ్చేటప్పుడు ట్యాంకులో కొద్దిగా ఆయిల్ మాత్రమే పోసిస్తారు, కాబట్టి మొదటి పని బంకు. అక్కడ జాగ్రత్త, డీజిల్‌ని వాళ్ళు గాజోల్ అంటారు, పేరు చూసి పెట్రోల్ అనుకుని తప్పు పైపు పెట్టేవాళ్ళున్నారు. 2018 చివర్నుంచి యూరప్ అంతా గుర్తులు పెట్టారు, పెట్రోల్‌కి గుండ్రం గడి, డీజిల్‌కి చతురస్రం, మూత లోపల కూడా అదే గుర్తు ఉంటుంది. పేరు చదవొద్దు, గుర్తు చూడండి.

మొదటిసారి కారు తీసుకున్న రోజు నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉంది. మీటర్లో పది కిలోమీటర్లు కూడా లేవు, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి పసుపు, కుంకుమ పొట్లాలు తీసింది, ముందురోజే అమ్మాయి చేత నిమ్మకాయలు కొనిపించి పెట్టుకుంది. "కొత్త బండండీ, మన పేరు మీదుంది, ఊరికే ఎక్కేస్తామా" అంది. బానెట్ మీద బొట్టు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడుతుంటే తాళాలిచ్చే కుర్రాడు కాగితాలు పక్కన పెట్టి చూస్తూ నిలబడ్డాడు. అమ్మాయి ఫ్రెంచ్‌లో ఏదో చెప్పింది. వెనక చక్రం దగ్గర నిమ్మకాయ దొర్లిపోతుంటే ఆ కుర్రాడే పరిగెత్తి పట్టుకొచ్చి, వంగి, చక్రం కిందకి సర్దిపెట్టాడు. ఆ తర్వాత రెండుసార్లూ కూడా నిమ్మకాయలు లేకుండా బండి కదల్లేదు.

లైసెన్స్ సంగతి. మన లైసెన్స్ ఒక్కటే సరిపోదు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. ఇక్కడ ఆర్టీవో ఆఫీసులో పాస్‌పోర్ట్, వీసా కాపీలతో అప్లై చేశా, ఫీజు వెయ్యి రూపాయలు, ఏడాది వరకే చెల్లుతుంది. రెండూ కలిపి జేబులో ఉంచుకోవాలి. ఇంకోటి, అమ్మాయి అల్లుడు అక్కడ స్థిరపడినవాళ్ళు కాబట్టి ఈ కారు వాళ్ళ పేరు మీద రాదు, మనలాంటి వచ్చిపోయేవాళ్ళకే ఈ పన్ను మినహాయింపు. "మామయ్యా, కాసేపు నేను నడుపుతాను, మీరు రెస్ట్ తీసుకోండి" అని అల్లుడు ఎన్నిసార్లన్నా నేను ఇవ్వలేదు, ఇన్సూరెన్స్ విషయంలో రిస్క్ ఎందుకని మూడు ట్రిప్పులూ స్టీరింగ్ నా చేతిలోనే ఉంది.

డ్రైవింగ్‌లో గేర్ కుడిచేత్తో వెయ్యడం రెండ్రోజుల్లో అలవాటవుతుంది, మొదట్లో ఎడంచెయ్యి పోయి తలుపుకి తగులుతుంటుంది అంతే. నిజంగా భయపడాల్సింది కుడివైపు వాళ్ళకి దారి ఇచ్చే రూల్. ఊళ్ళలో బోర్డు ఏమీ లేని క్రాసింగ్ దగ్గర కుడివైపు సందులోంచి వచ్చే బండిదే ముందు హక్కు, అది ఎంత చిన్న సందైనా సరే. మనకి అరండల్‌పేట లైన్లలోంచి మెయిన్ రోడ్డు మీదకి వచ్చేవాడు హారన్ కొట్టి ఆగి చూసుకుని వస్తాడు, అక్కడ అలా ఆగడు, చూడను కూడా చూడడు, ఎందుకంటే హక్కు అతనిది. 2018లో ఒక పల్లెటూళ్ళో వెంట్రుకవాసిలో తప్పింది, బ్రేక్ తొక్కితే వెనక సీట్లో ఉన్న గోంగూర పచ్చడి డబ్బా ముందుకొచ్చి పడింది. ఆ రోజు నుంచి మా ఆవిడ పక్కన కూర్చుని ప్రతి సందు దగ్గరా "కుడి చూడండి" అంటూనే ఉంటుంది, అలా అనడం వల్లే ఇన్ని వేల కిలోమీటర్లు క్షేమంగా తిరిగామని నా నమ్మకం. హైవే మీద 130 వరకూ పోవచ్చు, వాన పడితే 110. టోల్ మన కాజా ప్లాజా లాగా ఫాస్టాగ్‌తో కోసుకోదు, చాలాచోట్ల ఎక్కేటప్పుడు టికెట్ తీసుకుని దిగేచోట కార్డుతో కట్టాలి, ఆ టికెట్ పారేసుకోవద్దు.

ఇప్పుడు నాకు తగిలిన దెబ్బ చెప్తా. 2022లో ఇటలీ వెళ్ళాం. అక్కడ చాలా ఊళ్ళలో పాత ఊరి మధ్యలోకి బయట బండ్లు రాకూడదు, జెడ్‌టీఎల్ అంటారు, లోపలికి పోయేచోట కెమెరా ఉంటుంది. మేం దిగిన హోటల్ ఆ గీత లోపలే ఉంది, బండి నంబర్ తీసుకుని మున్సిపాలిటీకి పంపుతామన్నారు, సరే అని నమ్మి లగేజీ దించుకున్నాం. ఎనిమిది నెలలయ్యాక బ్రాడీపేటలో మా ఇంటికి పోస్ట్‌మాన్ రిజిస్టర్డ్ కవర్ తెచ్చాడు. విప్పితే ఇటలీ నుంచి ఫైన్, మా నంబర్, తేదీ, టైము నిమిషాలతో సహా, ఖర్చులతో కలిపి వంద యూరోల పైన. హోటల్ వాళ్ళు నంబర్ పంపనే లేదు. మెయిల్ పెడితే జవాబు లేదు, నోటిమాట తప్ప నా దగ్గర కాగితం లేదు. ఐదు రోజుల్లో కడితే 30 శాతం తగ్గుతుందని ఆ కాగితంలోనే ఉంది, అమ్మాయి ఆ రాత్రే ఆన్‌లైన్‌లో కట్టేసింది. "నాన్నా, బండి నీ పేరు మీదుంది, అందుకే గుంటూరు దాకా వచ్చింది" అంది. అద్దె కారైనా ఫైన్ తప్పదు, పైన వాళ్ళ చార్జీ కూడా పడుతుంది, అది వేరే సంగతి. కానీ పేరు మనదైతే బాధ్యత ఇంటిదాకా వస్తుందని నాకు అప్పుడు బాగా తెలిసొచ్చింది. 2024లో మళ్ళీ ఇటలీ వెళ్ళినప్పుడు ప్రతి హోటల్‌కీ నంబర్ ముందే మెయిల్‌లో పంపి, పంపించామని వాళ్ళ దగ్గర జవాబు తెప్పించుకున్నాకే లోపలికి వెళ్ళా. రాకపోతే బయట పార్కింగ్‌లో పెట్టి సూట్‌కేసులు లాక్కుంటూ నడిచాం.

గ్రీన్ కార్డు అని ఇన్సూరెన్స్ కాగితం ఒకటిస్తారు, దాని మీద దేశాల గుర్తులు గడుల్లో ఉంటాయి, కొట్టేసి ఉన్న దేశంలో ఇన్సూరెన్స్ లేదన్నట్టు. కారు తీసుకున్న రోజే కూర్చుని అది చదవండి. 2024లో క్రొయేషియా దక్షిణాన డుబ్రోవ్నిక్ వెళ్ళాం. ఇదివరకు ఆ రోడ్డు మధ్యలో కొంచెం బోస్నియాలోంచి పోయేది, 2022 జులైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచాక ఆ అవసరం పోయింది. బోస్నియా కూడా చూడాలని అల్లుడికి ఆశ. మా కార్డులో ఆ గడి కొట్టెయ్యలేదు, కారుకి ఇబ్బంది లేదు, కానీ మా వీసా సింగిల్ ఎంట్రీ. బోస్నియా షెంగెన్‌లో లేదు, బోర్డర్ దాటితే నాకూ మా ఆవిడకీ మళ్ళీ షెంగెన్ లోపలికి దారి లేదు, అందుకని వెనక్కి తిరిగాం. వీసాకి అప్లై చేసేటప్పుడే మల్టిపుల్ ఎంట్రీ అడగండి. స్విట్జర్లాండ్ షెంగెన్‌లోనే ఉంది కాబట్టి వీసా గొడవ లేదు, హైవే ఎక్కాలంటే మాత్రం 40 ఫ్రాంకుల విన్యెట్, అంటే హైవే పాస్, కొనాలి, ఒక్క రోజుకైనా ఏడాదిదే.

ఎర్ర ప్లేట్ వల్ల ఒక నష్టం ఉంది. టూరిస్ట్ బండి అని దూరం నుంచే తెలిసిపోతుంది, దొంగల కన్ను పడుతుంది. సీట్ల మీద ఏమీ కనపడకుండా అన్నీ డిక్కీలో పెట్టేవాళ్ళం, రాత్రిళ్ళు డబ్బులు పోయినా గేటున్న పార్కింగే.

తిరిగిచ్చేటప్పుడు పావుగంట పని. చుట్టూ తిరిగి చూసి సంతకాలు పెట్టించుకుంటారు. 2024లో వెనక బంపర్ మీద ఎవరో గీసిపోయిన గీత ఉంటే ముందే ఫోన్ చేసి చెప్పా, ఫారం నింపారు, ఒక్క యూరో అడగలేదు.

వచ్చే జులైకి మళ్ళీ బుక్ చేశాం, ఈసారి 60 రోజులు, ఆటోమేటిక్. నా పాత పర్మిట్ గడువైపోయింది, సోమవారం ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళాలి.