రోమ్‌లో పెళ్లి: గుడి వెతుక్కునే ముందు తెలుసుకోవాల్సినవి

రోమ్‌లో కథోలిక గుళ్లకు, అంటే చర్చిలకు కొదవ లేదు. 900కు పైగా ఉన్నాయంటారు, నాలుగు వీధులు తిరిగితే ఎవరైనా నమ్ముతారు. మా చెల్లి పెళ్లి అక్కడే అని ఖాయమయ్యాక ఇంట్లో అందరూ ఒకరికొకరు గుళ్ల ఫోటోలు పంపుకోవడం మొదలుపెట్టారు. పెళ్లి జరిపించి వచ్చాక ఎవరు అడిగినా నేను చెప్పేది ఒక్కటే. ఫోటోలు పక్కన పెట్టి ముందు మీ విచారణ గురువుల దగ్గరికి, అంటే మీ ప్రాంతపు పారిష్ ఫాదర్ దగ్గరికి వెళ్లండి. గుడి దొరుకుతుంది. మీ కాగితాలు సరైన దారిలో, సరైన ముద్రలతో, సమయానికి ఆ గుడికి చేరడమే అసలు పని.

కథోలిక సభ నియమావళి అయిన శ్రీసభ చట్టం 1115వ సూత్రం ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరు స్థిరంగా ఉంటున్న విచారణలోనో, కనీసం నెల రోజులుగా ఉంటున్న విచారణలోనో పెళ్లి జరగాలి. మరో చోట చేసుకోవాలంటే సొంత పీఠాధిపతి (బిషప్) గానీ విచారణ గురువు గానీ అనుమతి ఇవ్వాలి. మేం వెళ్లగానే ఫాదర్ గారు తేదీ అడగలేదు, ఏ గుడి అని అడగలేదు. "అమ్మాయి ఇప్పుడు ఏ విచారణలో ఉంటోంది బాబూ?" అన్నారు. ఉద్యోగం కోసం చెల్లి వేరే ఊళ్లో ఉంటోంది. కాబట్టి పెళ్లి కాగితాల ఫైలు తయారు చేయాల్సింది అక్కడి విచారణే. చిన్నప్పటి గుడి ఇవ్వాల్సింది జ్ఞానస్నాన (బాప్తిస్మం) ధృవపత్రం మాత్రమే. ఈ తేడా చాలామందికి తెలియదు. పుట్టి పెరిగిన గుడిలోనే అన్నీ అవుతాయనుకుని నెలలు పోగొట్టుకుంటారు.

ఆ ధృవపత్రం కూడా ఇంట్లో ఫ్రేమ్ కట్టించి పెట్టుకున్న పాతది పనికిరాదు. ఆరు నెలల లోపు తీసిన కొత్త ప్రతి కావాలి. కారణం తెలిస్తే విసుగు రాదు. జ్ఞానస్నానం నమోదు చేసే పెద్ద పుస్తకంలో ప్రతి పేరు పక్కన కొంత ఖాళీ వదులుతారు. ఆ మనిషికి భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం) అయినా, పెళ్లయినా, గురుపట్టం అందినా ఆ ఖాళీలోనే రాస్తారు. చెల్లి పేరున్న పేజీ తీసి, కాగితం మీద స్కేలు అడ్డంగా పెట్టుకుని, ఆ పక్క గీతలన్నీ చదివాకే గుమస్తాగారు "వేరే పెళ్లి నమోదు లేదు" అని రాసి ముద్ర వేశారు. ఆ ఒక్క వాక్యం కోసమే కొత్త ప్రతి అడిగేది.

దీనికి తోడు భద్రమైన అభ్యంగన పత్రం, పెళ్లి శిక్షణ తరగతుల పత్రం, పెళ్లికి అడ్డంకి లేదన్న పత్రం, విచారణ బయట చేసుకోవడానికి అనుమతి. వీటన్నిటి కంటే పెద్దది విచారణ గురువు ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి జరిపే ప్రశ్నోత్తరాల కార్యక్రమం. ఇష్టపూర్వకంగానే చేసుకుంటున్నారా, జీవితాంతం అన్న మాటకు ఒప్పుకుంటున్నారా, పిల్లల విషయంలో ఏమనుకుంటున్నారు అని ప్రమాణం చేయించి అడిగి, సంతకం తీసుకుంటారు. దీన్ని లాంఛనంగా చూడకండి. చెల్లి ఆ గదిలోంచి బయటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "మంచి ప్రశ్నలు అన్నయ్యా" అంది.

ఇద్దరిలో ఒకరు వేరే క్రైస్తవ సభవారైతే పీఠాధిపతి అనుమతి కావాలి. జ్ఞానస్నానమే లేని వారైతే మినహాయింపు కావాలి, అది లేకపోతే పెళ్లి చెల్లదు. రెండూ సొంత మేత్రాసనం (పీఠాధిపతి పరిధి) నుంచే రావాలి. అలాంటి జంటలు ఏడాది ముందే మొదలుపెట్టడం మేలు.

ఫైలు విచారణ నుంచి సొంత మేత్రాసన కార్యాలయానికి వెళ్తుంది. అక్కడి ముద్ర పడ్డాక రోమ్ మేత్రాసన కార్యాలయానికి, అంటే సాన్ జొవాన్ని ఇన్ లాటెరానో మహాదేవాలయం పక్కనున్న భవనానికి. వాళ్లు సరేనన్నాకే మీరు ఎంచుకున్న గుడికి. మాకు తగిలిన ఒక పెళ్లిళ్ల ఏజెన్సీ "పేపర్లన్నీ మేమే చూసుకుంటాం" అని అడ్వాన్సు అడిగింది. మీ విచారణ గురువు కూర్చుని అడగాల్సిన ప్రశ్నలను ఏ ఏజెన్సీ అడుగుతుంది? పూలకు, కార్లకు, భోజనాలకు ఏజెన్సీ మంచిదే. ఫైలు మాత్రం వాళ్ల చేతిలో పెట్టకండి.

మా బంధువుల్లో ఒక ఫాదర్ గారున్నారు, ఆయనే పెళ్లి పూజ చేయాలని అందరి కోరిక. చేయవచ్చు. కానీ ఆయన తన పీఠాధిపతి నుంచి గుర్తింపు పత్రం తెచ్చుకోవాలి. పైగా పెళ్లి ఏ విచారణ హద్దుల్లో జరుగుతుందో అక్కడి విచారణ గురువు గానీ, పీఠాధిపతి గానీ ఆయనకు అధికారం అప్పగించాలి. ఆ అప్పగింత లేకుండా జరిపిస్తే ఎంత పెద్ద గురువైనా, ఎంత భక్తిగా చేసినా పెళ్లి చెల్లదు. రోమ్‌లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడి అందమైన గుళ్లలో చాలావి విచారణ గుళ్లు కావు. వాటిని చూసుకునే గురువుకు సొంతంగా పెళ్లి జరిపించే అధికారం ఉండదు, ఆ ప్రాంత విచారణ గురువు ఒప్పుకోవాలి. గుడికి రాసే మొదటి ఉత్తరంలోనే "మీది విచారణ గుడేనా? అప్పగింత ఎవరిస్తారు?" అని అడగండి. వాళ్లు చెప్పే సమాధానాన్ని బట్టి ఆ గుడితో పని ఎలా సాగుతుందో తెలిసిపోతుంది.

ఇక గుళ్ల సంగతి. ముందుగా ఒకసారి వెళ్లి చూసి రావడం మంచిదే, ఎందుకంటే ఫోటోలో శబ్దం వినిపించదు. త్రాస్తేవెరె పేటలోని సాంతా మరియా గుడి మొజాయిక్‌ల ముందు నిలబడితే కదలబుద్ధి కాదు. అయితే రోజంతా సందర్శకుల రాకపోకలే. వెనక జనం నడుస్తుంటే ప్రమాణాలు చెప్పుకోవడం మా చెల్లికి నచ్చలేదు. చేలియో కొండ మీది సాంతి జొవాన్ని ఎ పావొలో గుడి లోపల వరసగా వేలాడే స్ఫటికపు దీపగుచ్ఛాలు పెళ్లి కోసమే పెట్టారా అనిపిస్తాయి. రోమ్ వాళ్లే అక్కడ పెళ్లికి పోటీ పడతారు, శనివారం దొరకడం కష్టం.

నా మనసు నిలిచింది అవెంతీనో కొండ మీద. 5వ శతాబ్దపు సాంతా సబీనా, దొమినికన్ గురువుల గుడి. లోపల ఆడంబరం ఏమీ లేదు, రెండు వరసల పాలరాతి స్తంభాలు, పైనున్న కిటికీల్లోంచి పడే వెలుతురు. దాని పాత చెక్క తలుపు మీద యేసు సిలువ దృశ్యం చెక్కి ఉంటుంది, అలాంటి వాటిలో మనకు మిగిలిన అతి పాతవాటిలో అదొకటి. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాసకాలం, అంటే తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం పోపుగారు ఊరేగింపుగా వచ్చేది ఈ గుడికే. రెండు అడుగులు వేస్తే సాంత్ అలెస్సియో గుడి, ముందు చిన్న ప్రాంగణం, పక్కనే నారింజ తోట. ఫోటోలకు ఎక్కడికీ కార్లు కట్టుకుని వెళ్లనక్కర్లేదు.

ఇటాలియన్ రాని కుటుంబాలకు మాత్రం వియా బొంకొంపాఞ్ఞీలోని సాన్ పత్రీత్సియో గుడిని ముందు చూడమంటాను. రోమ్‌లోని అమెరికన్ కథోలికుల విచారణ అది. దశాబ్దాల పాటు సాంతా సుసాన్నా గుడిలో ఉండి, 2017లో ఇక్కడికి మారింది. ఇంగ్లిషులో ఉత్తరం రాస్తే ఇంగ్లిషులో సమాధానం వస్తుంది. దూరాన కూర్చుని ఏర్పాట్లు చేసే వాళ్లకు ఆ ఒక్క వెసులుబాటు ఎంత నిశ్చింతనిస్తుందో! నారింజ తోట ఉండదు, కొండ మీది గాలి ఉండదు. అయినా పెద్దవాళ్లకు పూజలో ప్రతి మాటా అర్థమవుతుంది. మేం చివరికి భాషకే ఓటు వేశాం, ఆ నిర్ణయానికి ఇప్పటికీ సంతోషపడుతున్నాను.

ఏ గుడైనా సరే, నియమాలు ముందే రాయించుకోండి. సినిమా పాటలు కుదరవు, పూల రేకులు చల్లనివ్వకపోవచ్చు, ఆర్గాన్ వాయించేవారు గుడివారే ఉండవచ్చు. మధ్యాహ్నం చాలా గుళ్లు మూస్తారు. పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే), పవిత్ర శనివారం పెళ్లిళ్లే ఉండవు. తపస్కాలంలో పూల అలంకరణ తగ్గించమంటారు.

బస విషయానికొస్తే, పెద్దవాళ్లను సిస్టర్స్ నడిపే అతిథిగృహంలో పెట్టాం. ఇలాంటివి రోమ్ అంతటా ఉన్నాయి. స్వీడన్ పునీత బ్రిజిత్ 1373లో కన్నుమూసిన ఇల్లు కూడా పియాత్సా ఫర్నేసేలో సిస్టర్స్ చేతిలోనే ఉంది. శుభ్రం, నిశ్శబ్దం, పొద్దున్నే పూజ, హోటల్ కంటే తక్కువ ఖర్చు. మంచాలు మాత్రం విడివిడిగా, సన్నగా ఉంటాయి. రాత్రి గేటు వేసేస్తారు. మేం దిగిన చోట 11 గంటలకు మూసేవారు. విందు నుంచి ఆలస్యంగా వచ్చిన పిన్నీబాబాయిలు చాలాసేపు గంట కొట్టాల్సి వచ్చింది. పెద్దలకు అతిథిగృహం, కుర్రకారుకు అపార్ట్‌మెంటు, కొత్త జంటకు హోటల్ అని విడదీస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఎక్కడ దిగినా నగర పన్ను మనిషికి రాత్రికి ఇంత అని వేరుగా కట్టాలి, గది ధరలో కలిసి ఉండదు.

పాత నగరంలోకి అనుమతి లేని కార్లు రాకూడదు, కెమెరాలు నంబరు పట్టేస్తాయి. పెళ్లికారు ఇచ్చేవారికి ఆ అనుమతి ఉందో లేదో రాతలో తీసుకోండి. ఫ్యూమిచీనో విమానాశ్రయం నుంచి తెర్మినీ స్టేషనుకు నేరుగా వెళ్లే రైలు మనిషికి 14 యూరోలు. నలుగురు కలిస్తే టాక్సీయే నయం, పాత కోట గోడల లోపలి నగరానికి దాని ధర ముందే స్థిరంగా ఉంటుంది. వీధుల్లో పరిచిన నల్లరాళ్ల మీద హీల్స్ నిలవవు, అమ్మాయిలు మామూలు చెప్పులు సంచిలో పెట్టుకోవాలి.

చట్టపరంగా రెండు దారులు. ఇటలీకీ పోపుగారి పీఠానికీ మధ్య కుదిరిన 1929 లాటెరానో ఒప్పందం, దాని 1984 సవరణ వల్ల ఇటలీలో గుడి పెళ్లికే ప్రభుత్వ గుర్తింపు దక్కుతుంది. గురువు ఇటలీ సివిల్ కోడ్‌లో భార్యాభర్తల హక్కులు, బాధ్యతలు చెప్పే 143, 144, 147 అధికరణాలు చదివి వినిపించి, 5 రోజుల్లోపు వివరాలు మున్సిపాలిటీకి పంపుతారు. అందుకు విదేశీయులు తమ దేశం నుంచి నుల్లా ఓస్తా, అంటే అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి. కాన్సులేట్ ఇచ్చిన పత్రమైతే సాధారణంగా 16 యూరోల స్టాంపు అతికించి ప్రిఫెత్తూరా అనే ప్రభుత్వ కార్యాలయంలో ముద్ర వేయించాలి. రెండో దారి, సివిల్ పెళ్లి ఇంటి దగ్గరే చేసుకుని ఆ పత్రాన్ని ఫైలులో జతచేసి, రోమ్‌లో జ్ఞానవివాహం, అంటే గుడి పెళ్లి మాత్రమే జరుపుకోవడం. మేం రెండోదే పట్టాం. ఫైలు పనే చాలినంత ఉన్నప్పుడు కాన్సులేట్ల చుట్టూ కూడా తిరగడం నాకు సబబుగా తోచలేదు.

రోమ్‌లో చేసుకున్నందుకు దక్కే గొప్ప భాగ్యం బుధవారం నాటి పోపుగారి దర్శనం. కొత్త దంపతులకు పెళ్లి బట్టల్లోనే వచ్చి కూర్చునేందుకు ప్రత్యేక స్థానం ఇస్తారు. టికెట్టు ఉచితం, గుడి ఇచ్చిన పెళ్లి పత్రం దగ్గర ఉండాలి. జూలైలో మాత్రం సాధారణంగా ఈ దర్శనాలు ఉండవు, తేదీ పెట్టుకునేటప్పుడే చూసుకోండి. ఎండలో గంటలు కూర్చోవాలి, నీళ్లసీసా తప్పనిసరి. వీధి కుళాయిల్లో మంచినీళ్లు చల్లగా వస్తాయి, కొనక్కర్లేదు. పోపుగారు దీవెన చదువుతుంటే మా చెల్లి భర్త చేయి వదల్లేదు. ఆ పూట కోసం ఇంత దూరం రావచ్చు అనిపించింది నాకు.

ఇంటికి వచ్చాక ఇంకో పని ఉంది. పెళ్లి జరిగిన విచారణ, ఇద్దరి జ్ఞానస్నాన విచారణలకూ ఆ సంగతి తెలియజేయాలి, అది శ్రీసభ చట్టమే. దేశాలు దాటి వెళ్లే ఉత్తరాలు దారిలో ఆగిపోతుంటాయి. పెళ్లి పత్రం నకలు రెండు అదనంగా తెచ్చుకుని, కొన్ని నెలలయ్యాక రెండు గుళ్లకూ వెళ్లి, మీ పేరు పక్క ఖాళీలో పెళ్లి తేదీ రాశారో లేదో అడగండి. రాయకపోతే నకలు ఇచ్చి అక్కడే రాయించుకోండి.